వరంగల్ నుంచి లేహ్‌కు సొంత బండిలో: ముందు ఎత్తులు రాసుకోండి, తర్వాతే కిలోమీటర్లు

వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ 3,500 మీటర్లు. మనాలి–లేహ్ దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ తంగ్లంగ్ లా 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. అందుకే మ్యాప్ తెరిచి కిలోమీటర్లు కూడే ముందు ఒక కాగితం తీసుకుని, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటున్నారో, దాని ఎదురుగా ఆ ఊరి ఎత్తెంతో రాయండి. ప్లాన్ అంతా ఈ కాగితమే.

మైదానంలో మిగిల్చుకున్న రోజును కొండ ఎక్కేటప్పుడు ఖర్చు పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఆగ్రాలో ఒక రోజు, ఢిల్లీలో రెండు రోజులు తిరిగి, మనాలి చేరేసరికి సెలవులు అయిపోవస్తున్నాయని ఒక్క ఉరుకున, మనాలి–లేహ్ దారి మధ్యలో ఉన్న టెంట్ల మకాం సర్చూ దాకా పోతారు. ఆ రాత్రి టెంటులో తలనొప్పి, వాంతులు, నిద్ర లేకపోవడం. మర్నాడు అదే మనిషి స్టీరింగ్ పట్టుకుని గాటా లూప్స్ అనే మెలికల ఘాట్ రోడ్డు ఎక్కాలి.

ఏ నెలలో

మంచు తీసి మనాలి–లేహ్ రోడ్డును బోర్డర్ రోడ్స్ వాళ్లు మామూలుగా మే నెలలో తెరుస్తారు. శ్రీనగర్ వైపు జోజిలా కనుమ అంతకన్నా ముందే తెరుచుకుంటుంది. మన బడులకు ఎండాకాలం సెలవులు జూన్ రెండో వారం దాకే కాబట్టి పిల్లలున్నవాళ్ల కన్ను మే మీద పడుతుంది. మేలో పోవద్దనే చెప్తాం. రోడ్డు తెరిచినా పొద్దున పూట తారు మీద అద్దంలాంటి మంచు పొర ఉంటుంది, దారిలో టెంట్లు, ధాబాలు సగమైనా వేసి ఉండవు, కాసింత మంచు పడితే మళ్లీ గేటు మూసేస్తారు. జూన్ ఇరవై తర్వాత నయం. జూలై, ఆగస్టుల్లో లద్దాఖ్‌లో వాన తక్కువే గానీ అక్కడికి చేరే దారిలో, ముఖ్యంగా మండి–కులూ మధ్య, కొండచరియలు విరిగిపడతాయి. ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ మూడో వారం దాకా అన్నిటికన్నా మంచి కాలం. వాగుల్లో నీళ్లు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది.

దసరా సెలవులను నమ్ముకుంటే ముందు పంచాంగం చూడాలి. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో అక్టోబర్ 20కి జరిగింది. బతుకమ్మ మొదటి రోజున బయల్దేరినా లేహ్ చేరేసరికి అక్టోబర్ సగం దాటుతుంది. అప్పటికి సర్చూ, పాంగ్‌లలో టెంట్లు ఎత్తేస్తారు, రాత్రి చలి సున్నాకు బాగా కిందికి దిగుతుంది. దసరా ముందుగా వచ్చే ఏడు చూసుకోవడం మంచిది.

ఏ దారిన ఎక్కాలి, ఏ దారిన దిగాలి

శ్రీనగర్ వైపు నుంచి ఎక్కి, మనాలి వైపు దిగండి. దీనికి కారణం ఆ కాగితంలోనే కనిపిస్తుంది. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. మధ్యలో జోజిలా 3,528, ఫోటూ లా 4,108 మీటర్లకు ఎక్కినా అక్కడ పడుకోరు, దాటి దిగిపోతారు. మనాలి వైపు చూడండి: మనాలి 2,050, జిస్పా దాదాపు 3,200, సర్చూ 4,290, పాంగ్ 4,600. జిస్పా దాటాక పడుకోవడానికి తక్కువ ఎత్తున్న చోటే లేదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రికి రాత్రికి మధ్య 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. సర్చూలో పడుకుంటే ఒక్క రోజులో వెయ్యి దాటిపోతుంది.

తిరుగు ప్రయాణానికి ఒళ్లు ఎత్తుకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి అదే మనాలి దారి అప్పుడు ఇబ్బంది పెట్టదు. రోడ్డు అందం కూడా ఆ దారిదే, ఆ మాట ఒప్పుకోవాలి.

మైదానం భాగం సులువు. వరంగల్ నుంచి కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్ మీదుగా నాగ్‌పూర్ చేరితే 44వ నంబర్ జాతీయ రహదారి దొరుకుతుంది. అదే శ్రీనగర్ దాకా పోతుంది. మొదటి రాత్రి సివనీ, రెండో రాత్రి గ్వాలియర్, మూడోది అంబాలా, నాలుగోది జమ్మూ. రెండో రోజు, మూడో రోజు 550 నుంచి 600 కిలోమీటర్లు పడతాయి కాబట్టి ఇద్దరు నడిపేవాళ్లు ఉండాలి. ఢిల్లీ ఊళ్లోకి దూరకుండా పల్వల్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీ దగ్గర దిగండి. బండి పాత డీజిల్‌దైతే ఢిల్లీ చుట్టుపక్కల అమల్లో ఉన్న నిబంధన ఏమిటో బయల్దేరే వారం చూసుకోండి, అది మారుతూ ఉంటుంది.

ఆ తర్వాత: శ్రీనగర్‌లో రెండు రాత్రులు, కార్గిల్‌లో ఒకటి, వీలైతే రెండు, లేహ్‌లో మూడు. లేహ్‌లో మొదటి రెండు రోజులు ఏ కోటా ఎక్కకుండా, ఏ కొండకూ పోకుండా బజారులో మెల్లగా తిరగడమే పని. నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు తర్వాత. వాటికి వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో పర్యావరణ రుసుము కట్టి రసీదు రెండు మూడు ప్రింట్లు తీసి పెట్టుకోవాలి. మొత్తం కలిపితే మూడు వారాలకు కాస్త తక్కువ. పన్నెండు రోజుల సెలవే ఉంటే కారు ఇంటి దగ్గరే ఉంచండి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఇరవై నాలుగు గంటల్లో ఢిల్లీ. అక్కడి నుంచి పైకి లద్దాఖ్ నంబర్ టాక్సీయో, లేహ్‌లోనే అద్దెకు తీసుకున్న బైకో. బయటి నుంచి అద్దెకు తెచ్చిన బండ్లను నుబ్రా, పాంగాంగ్ దారుల్లో అక్కడి టాక్సీ యూనియన్ల వాళ్లు ఆపేస్తారు. మనాలిలో బైకు అద్దెకు తీసుకుని పోయేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

సొంత బైకును రైల్లో పంపాలంటే కాజీపేటలో కన్నా రైలు మొదలయ్యే స్టేషన్‌లో బుక్ చేయడం మేలు. మధ్య స్టేషన్‌లో రైలు ఆగేది రెండు మూడు నిమిషాలు, పార్శిల్ పెట్టెలో చోటు లేకపోతే బైకు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, అద్దాలు విప్పి సంచిలో వేసుకోవాలి, హ్యాండిల్ చివర్లకు, ట్యాంకుకు గోనెపట్టా దట్టంగా చుట్టించాలి. ఆర్‌సీ జిరాక్సు, గుర్తింపు కార్డు అడుగుతారు.

బండి

హెచ్చు ధర బండే కావాలని లేదు. నేలకూ బండి అడుగుకూ మధ్య 170 మిల్లీమీటర్లు ఉంటే, లోపల నలుగురికి మించకపోతే మామూలు హ్యాచ్‌బ్యాక్ పోయొస్తుంది. నలుగురు, డికీ నిండా సామాను, పైన క్యారియర్ అయితే ప్రతి గుంతలో అడుగు తగులుతుంది.

బయల్దేరడానికి పదిహేను రోజుల ముందు సర్వీసింగ్ చేయించండి. ముందు రోజు చేయిస్తే మెకానిక్ వదిలేసిన నట్టు నాగ్‌పూర్ దగ్గర తెలుస్తుంది. ఆటోనగర్‌లో ఇవి ప్రత్యేకంగా చెప్పి చూపించండి:

కూలెంట్. మన ఎండలకు రేడియేటర్‌లో మామూలు నీళ్లు పోసి నడిపే బండ్లు చాలా ఉన్నాయి. సర్చూలో రాత్రికి ఆ నీళ్లు గడ్డ కడితే ఇంజిన్ బ్లాక్ పగులుతుంది. అంతా ఖాళీ చేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఆ మిశ్రమం సున్నాకు ముప్పై డిగ్రీల కిందికి పోయినా గడ్డ కట్టదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడాలి. ఎత్తులో నీళ్లు త్వరగా మరుగుతాయి, మూత ఒత్తిడి పట్టి ఉంచకపోతే ఎక్కుడులో కూలెంట్ పొంగి బయటికి వస్తుంది. వైపర్ డబ్బాలో మామూలు నీళ్లు కూడా రాత్రికి గడ్డ కడతాయి.

బ్రేక్ ఆయిల్. రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గంటసేపు దిగుడులో బ్రేకులు వేడెక్కితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా నేలకు పోతుంది. ప్యాడ్లు సగం కన్నా అరిగితే అవీ మార్చేయండి.

క్లచ్. నిర్మల్ దాటాక పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్‌కు బండి నిండా మనుషులతో పోయి, మలుపు మధ్యలో ఆపి, హ్యాండ్ బ్రేక్ సాయంతో మళ్లీ ఎక్కించి చూడండి. కాలిన వాసన వస్తే, ఇంజిన్ మోత పెరిగినా బండి కదలకపోతే ప్లేటు పని అయిపోయిందని అర్థం. నడిపేవాళ్లకు హాఫ్ క్లచ్ అలవాటుంటే అదీ ఇక్కడే మానుకోవాలి.

టైర్లలో గాలి గురించి ఒక మాట. కనుమ మీద ఆగి టైర్లు ఉబ్బాయని గాలి తీసేవాళ్లు ఉంటారు. బయటి ఒత్తిడి తగ్గడం వల్ల మీటరు కొంత ఎక్కువ చూపిస్తుంది, చలి వల్ల కొంత తక్కువ చూపిస్తుంది, రెండూ చాలావరకు సరిపోతాయి. పొద్దున బండి కదిలే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కొలిచి, కంపెనీ చెప్పిన అంకె దగ్గర ఉంచండి. స్టెప్నీలో గాలి చూడటం మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది అదే.

వెంట ఉండాల్సినవి: ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, 12 వోల్టుల గాలి పంపు, లాగే తాడు, జంపర్ కేబుళ్లు, ఫ్యూజులు, హెడ్‌లైట్ బల్బు ఒకటి. బైకుకైతే క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, చైన్ లాకు, స్పార్క్ ప్లగ్, ట్యూబు. క్లచ్ వైరును పాతదాని పక్కనే టేపుతో అంటించి పోతే మార్చడం పది నిమిషాల పని. కార్బురేటర్ బైకు పైకి పోయేకొద్దీ నల్ల పొగ వదులుతుంది, ప్లగ్‌కు మసి పడుతుంది. గాలి పలచబడినా పెట్రోలు అంతే పోతుండటమే కారణం. ప్లగ్ తీసి తుడిచి పెట్టండి. ఇంజెక్షన్ బండ్లు ఆ లెక్క అవే సర్దుకుంటాయి గానీ బలం తగ్గడం మాత్రం తప్పదు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. రెండో గేరులో ఎక్కే మలుపు అక్కడ మొదటి గేరు అడిగితే కంగారు పడొద్దు.

పెట్రోలు లెక్క

మనాలి వైపు తాండీలో బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడ పెద్ద బోర్డు చాలా ఏళ్లుగా ఉంది. లేహ్ ఇంకా 35 కిలోమీటర్లుందనగా ఇంకో బంకు దొరుకుతుంది. ఆ ఊరి పేరే కారు, మనవాళ్లకు గుర్తుండిపోతుంది. కిందికి దిగేటప్పుడు ఇదే తిరగబడి, లేహ్‌లోనో కారులోనో నింపుకున్నది తాండీ దాకా రావాలి.

మైలేజీని మూడో వంతు తగ్గించి లెక్క కట్టండి. మన రోడ్డు మీద లీటరుకు 18 ఇచ్చే కారు అక్కడ 12 ఇస్తుందనుకుంటే 365కు 30 లీటర్లు కావాలి. 37 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే చాలు. 13 లీటర్ల ట్యాంకున్న బైకు, ఇద్దరు మనుషులు, లీటరుకు 30 అయితే అంచున పోతున్నట్టు. అయిదు లీటర్ల ఇనుప క్యాన్ కట్టుకోండి. అంచు దాకా నింపకండి, పైకి పోయేకొద్దీ లోపలి ఆవిరి ఉబ్బుతుంది. నీళ్ల బాటిల్లో మాత్రం పెట్రోలు పోయొద్దు.

మనిషి సంగతి

బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే డాక్టరును కలవాలి. మన ఉత్తర తెలంగాణలో ఇంకొకటి చూసుకోవాలి: సికిల్ సెల్, అంటే ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో ఈ జబ్బు ఉంది. ఒక్క జీను మాత్రమే ఉండి, ఇంటి దగ్గర ఏ లక్షణమూ లేనివాళ్లకు కూడా ఎత్తులో ఆ కణాలు వంగి రక్తనాళాలకు అడ్డుపడి ప్లీహం దెబ్బతినొచ్చు. కుటుంబంలో ఎవరికైనా ఉంటే రక్త పరీక్ష చేయించుకోకుండా కదలొద్దు.

ఎసిటజోలమైడ్ మాత్రను, షాపుల్లో డయామాక్స్ అంటారు, మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలా, ఎక్కడానికి ముందు రోజు నుంచి రాస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు తీసుకోకూడదు. మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇది డాక్టరు రాస్తేనే. మద్యం, నిద్ర మాత్రలు లేహ్‌లో మొదటి రాత్రులు ముట్టొద్దు, అవి నిద్రలో ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం ఉంటే ఆ రోజు ఇంకా పైకి పోవద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు, నురుగు కఫం వచ్చినా, తాగినవాడిలా తూలుతూ పొంతన లేని మాటలు మాట్లాడినా అర్ధరాత్రైనా సరే కిందికి దించాలి. తెల్లారాక చూద్దామంటే కుదరదు. రోగిని గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ పది అడుగులు నడిపించి చూడండి. తూలితే ఇక అనుమానం అక్కర్లేదు. షాపుల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకు మించి రాదు. అది ఉందన్న ధైర్యంతో ఆగిపోవడమే దానితో వచ్చే ప్రమాదం.

వాగులు

జింగ్‌జింగ్‌బార్ నుంచి బారాలాచా లా (దాదాపు 4,890 మీటర్లు) దాటి భరత్‌పూర్ దాకా రోడ్డు మీదుగా మంచు కరిగిన వాగులు పారతాయి. పొద్దున ఏడింటికి చీలమండ లోతున్న వాగు మధ్యాహ్నం మూడింటికి మోకాలు దాటుతుంది. ఎండకు పైన మంచు కరగడం మొదలయ్యాక ఆ నీళ్లు కిందికి చేరే వేళ అది. ఎక్కేవాళ్లయితే జిస్పా నుంచి తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి పదిలోపు ఇవి దాటాలి. లేహ్ నుంచి దిగేవాళ్లు ఒకే రోజులో జిస్పా చేరాలనుకుంటే ఈ వాగులు సరిగ్గా సాయంత్రానికి ఎదురవుతాయి. అందుకే ఒళ్లు అలవాటు పడ్డాక సర్చూలో రాత్రి ఆగి, పొద్దున దాటడమే మేలు.

వాగుకు ఇరవై మీటర్ల ముందే ఆగండి. అక్కడి టాక్సీ ఒకటి దాటేదాకా చూడండి, దాని చక్రాలు ఏ గీతలో పోయాయో గుర్తు పెట్టుకోండి. ముందున్న బండి అవతలి గట్టు ఎక్కేదాకా దిగొద్దు. మొదటి గేరు, యాక్సిలరేటర్ ఒకే తీరున, మధ్యలో క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు. కాలు తీస్తే సైలెన్సర్‌లోకి నీళ్లు వస్తాయి. లోతులో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అయిదు నిమిషాల లాగుడుతో పోయేది ఇంజిన్ విప్పే దాకా వస్తుంది. దాటాక మెల్లగా పోతూ నాలుగైదు సార్లు బ్రేక్ తేలిగ్గా నొక్కి ఆరబెట్టండి. బైకు మీదైతే వెనక మనిషి దిగాలి, నడిపేవాళ్లు నీళ్లను చూడకుండా అవతలి గట్టును చూడాలి. కింద ఉండేవి గుండ్రాళ్లు, నీళ్లను చూస్తే చెయ్యి అటే తిరుగుతుంది.

ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. సైన్యం కాన్వాయ్ వస్తే పక్కకు ఆగిపోండి, మధ్యలో దూరకండి. గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపుల్లో అడ్డదారి కనిపిస్తుంది, అది బండికి కాదు. పాంగ్ దాటాక మోరే మైదానంలో రోడ్డు గీత గీసినట్టు ఉండి కాలు తనంతట తనే నొక్కేస్తుంది. ఆ ఎత్తులో నిద్రమత్తు తెలియకుండా వస్తుంది, ఇద్దరూ మార్చుకుంటూ నడపాల్సిన చోటు ఇదే.

తిండి, డబ్బు, ఫోను

సర్చూలో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు, పప్పు అసలే ఉడకదు. ధాబాల్లో రాజ్మా, అన్నం కుక్కర్లోనే వండుతారు. సకినాలు, మురుకులు, మలీద ముద్దలు సద్దిగా బాగా పనికొస్తాయి. ఆవకాయ సీసాతో మాత్రం జాగ్రత్త. ఇంట్లో బిగించిన మూత లోపల ఇంటి గాలే ఉంటుంది. పాంగ్‌లో ఆ మూత తిప్పగానే నూనె అంచుల నుంచి చిమ్మి స్వెటర్ మీద పడుతుంది. చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బేది, షాంపూ సీసా బ్యాగులో కారేది కూడా అందుకే. కేలాంగ్‌లో ఒకసారి, సర్చూలో ఒకసారి మూత కొంచెం వదులు చేసి మళ్లీ బిగించండి. నీళ్లు రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి, దాహం వేయకపోయినా.

జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్ పని చేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. బయల్దేరడానికి రెండు వారాల ముందు మార్పించుకోండి. పోస్ట్‌పెయిడ్ ఉన్నా దార్చా దాటాక చాలా దూరం సిగ్నల్ అందదు. మ్యాపులు ముందే ఫోనులో దింపుకోండి, జిస్పా నుంచి ఇంటికి ఫోన్ చేసి ఎప్పటిదాకా మాట ఉండదో చెప్పండి. సిగ్నల్ లేనిచోట యూపీఐ కూడా లేనట్టే. కేలాంగ్ దాటాక లేహ్ దగ్గరికి చేరేదాకా ఏటీఎంను నమ్ముకోవద్దు, బండికి పది వేలు చిల్లర నోట్లతో ఉండాలి.

తిరిగొచ్చాక

అటల్ టన్నెల్ దాటి మనాలికి, అక్కడి నుంచి మైదానంలోకి దిగేటప్పుడు బండిని రెండో గేరులో ఉంచి ఇంజిన్‌తోనే ఆపుకుంటూ రండి. బ్రేకు వాసన వస్తే పక్కకు ఆగి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు చల్లితే డిస్కు వంకర పోతుంది. ఇంటికి వచ్చిన వారంలో ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, లద్దాఖ్ దుమ్ము పిండిలా పట్టి ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంట్, అడుగున సంపు ప్లేటుకు తగిలిన దెబ్బలు చూపించండి. టైర్లలో గాలి వరంగల్ ఎండకు మళ్లీ కొలిచి సరిచేయండి.